పండితపదవికి ప్రవేశమార్గములు

మన సంఘ మహాసభా సంచికకు విద్యావిషయకమైన వ్యాసమొకటి వ్రాసి పంపవలసినదని కార్యదర్శిగారు కోరిరి. మన కులమున నేడు ఉపాధ్యాయులు పెక్కుమంది కలరు. వారిలో చాలమంది తాతలు మగ్గమెక్కినవారే. ఈ మార్పు ఒక్కదినమున వచ్చినది కాదు. కళాశాలల రాజమార్గముననే వచ్చినదియు కాదు. డిగ్రీ చదువునకు ధనము చాలనివారికి వేఱొక త్రోవ యుండెను. ఆ త్రోవ యెట్లు ఏర్పడెను, ఎవరిని గట్టెక్కించెను, నేడు దాని స్థితి యెట్టిది యను మూడంశములను సంగ్రహముగా విన్నవింతుము.

పూర్వకాలమున గురువునకు అనుమతిపత్రముతో పనిలేదు. శాస్త్రము వచ్చినవాడని ఊరివారు నమ్మిన చాలును. అరుగుమీద బడి వెలసెడిది. అయితే ఆ విద్య అందఱికిని అందలేదు. సంస్కృతము ఎవరికి చెప్పవచ్చును, ఎవరికి చెప్పరాదు అను కట్టుబాటు గురువుగారి గుమ్మముననే కావలి కాచుచుండెను. ఈ రెండు లక్షణములను కలిపి చూచినగాని తరువాతి చరిత్ర బోధపడదు.

1854వ సంవత్సరపు వుడ్ దొరగారి విద్యాలేఖ పాఠశాలలకు ద్రవ్యసహాయము చేయవలెననియు, ఉపాధ్యాయులకు శిక్షణ నీయవలెననియు నిర్దేశించెను. 1856లో చెన్నపురియందు నార్మల్ స్కూలు ఏర్పడెను. అదియే పిమ్మట సైదాపేట ఉపాధ్యాయ కళాశాలగా ప్రసిద్ధికెక్కినది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయము స్థాపితమాయెను. ఆ విశ్వవిద్యాలయమే 1886లో ఎల్.టి. యను పట్టమును నెలకొల్పెను. లైసెన్షియేట్ ఇన్ టీచింగ్ అను ఆ పేరునకు, బోధించుటకు అనుమతి పొందినవాడని యర్థము. తెలుగునాట రాజమహేంద్రవరమున 1894లో ట్రెయినింగు కళాశాల వెలసెను. అప్పటినుండి ఉన్నత పాఠశాలలో పాఠము చెప్పుటకు పాండిత్యముతోపాటు పత్రమును కావలసివచ్చెను.

ఇచట నొక చిక్కు పుట్టెను. ఉన్నత పాఠశాలలలో తెలుగును, సంస్కృతమును చెప్పవలసియుండెను. ఆ భాషలు బాగుగా నెఱిగినవారికి ఇంగ్లీషు డిగ్రీలు లేవు. డిగ్రీలున్నవారిలో పలువురికి భాషలు రావు. ఈ చిక్కునకు పరిష్కారముగా నిలిచినదే పండితపదవి. కందుకూరి వీరేశలింగముగారు రాజమహేంద్రవరమునను, పిమ్మట చెన్నపురి ప్రెసిడెన్సీ కళాశాలయందును తెలుగు పండితులుగా నుండిరి. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు బందరు ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పిరి. విశ్వనాథ సత్యనారాయణగారు వారి శిష్యులు. వేంకటశాస్త్రిగారికి ఏ విశ్వవిద్యాలయపు డిగ్రీయు లేదు. వారి పేరే వారికి పత్రము.

కాని అందఱును వేంకటశాస్త్రులు కాజాలరు గదా! సామాన్యుడైన విద్వాంసుని యోగ్యతను నిర్ణయించుటకు పరీక్ష యొకటి కావలసెను. మద్రాసు విశ్వవిద్యాలయపు విద్వాన్ పరీక్షయు, 1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వకళాపరిషత్తువారి భాషాప్రవీణ, ఉభయభాషాప్రవీణ పరీక్షలును ఈ యవసరమును తీర్చినవి. కావ్యములు, వ్యాకరణము, ఛందోలంకారములు వీనియందు ప్రధానములు. కళాశాలలో చేరి చదివినవారు కొందఱు. బ్రతుకుతెరువు మానకయే పగలు పనిచేసి రాత్రి చదివి ప్రైవేటుగా పరీక్షకు కూర్చున్నవారు మఱికొందఱు.

ఈ పరీక్షల మహత్త్వము పాఠ్యగ్రంథములలోనే లేదు. గురువుగుమ్మము కులమును విచారించెను. పరీక్షాపత్రము అభ్యర్థి సంఖ్యనే విచారించెను. దీనికి గుఱ్ఱము జాషువ మహాకవి జీవితమే నిదర్శనము. అస్పృశ్యతాబాధను నిలువునా అనుభవించిన ఆయన, గుంటూరు లూథరన్ ఉపాధ్యాయ శిక్షణాలయమున పదేండ్లు పనిచేసి, ఉభయభాషాప్రవీణ పట్టము పొంది, తెలుగు పండితులైరి. పట్టముతో అవమానములు తొలగినవని చెప్పజాలము. కాని బడిలో తెలుగు పండితుని కుర్చీయందు ఆయన కూర్చుండుటకు హక్కు లేదని పలుకుటకు ఎవరికిని నోరు లేకపోయెను. మనవంటి చేతిపని కులములవారికిని ఆ ద్వారమే తెఱచుకొనెను.

ముందు బోధించి, పిదప పట్టము పొందిన మహనీయులును కలరు. గిడుగు రామమూర్తిగారు 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై, ఉద్యోగము చేయుచునే ప్రైవేటుగా చదివి బి.ఏ. పట్టభద్రులైరి. భాషావాదమున మేము వారి పక్షమువారము కాకున్నను, ఈ దీక్షకు నమస్కరింపక తప్పదు.

హిందీ పండితుల త్రోవయు నిట్టిదే. 1918లో గాంధీమహాత్ముని ప్రేరణమున మొదలైన దక్షిణభారత హిందీ ప్రచారోద్యమము ప్రాథమికము మొదలు ప్రవీణ వఱకు మెట్లుమెట్లుగా పరీక్షలను నడిపినది. ఇంటిపట్టున నుండి చదువుకొన్న స్త్రీలనేకులు వీనివలన ఉపాధ్యాయినులైరి. బాల్యముననే కాకినాడలో తోడి స్త్రీలకు హిందీ నేర్పిన దుర్గాబాయిగారు పిమ్మట చెన్నపురిలో ఆంధ్ర మహిళాసభను స్థాపించి, చదువు మధ్యలో ఆగిన స్త్రీలను కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషనునకు సిద్ధపఱచిరి. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ప్రథమాధ్యక్షురాలై, 1958లో దేశమంతటను సంక్షిప్త విద్యాక్రమమును ప్రవేశపెట్టించిరి. నైజాము రాష్ట్రమున 1943లో పుట్టిన సారస్వత పరిషత్తు పరీక్షలు నడిపి, ఉర్దూమాధ్యమపు దినములలో తెలుగు చదువును నిలిపినది.

పాండిత్యమున్నంతమాత్రమున బోధనము రాదనుటయు సత్యమే. అమరకోశము కంఠస్థమైనవాడు నలువదిమంది బాలుర నెదుట తడబడుట మేమెఱుగుదుము. నల్లబల్లను వాడుట, పాఠమును విభజించుట, వెనుకబడిన పిల్లవానిని గుర్తించుట ప్రత్యేకముగా నేర్వవలసిన విద్యలు. అందుకొఱకే పండిత శిక్షణము ఏర్పడినది. భాషాప్రవీణ చదివి, ఆ శిక్షణము ముగించి బడిలో ప్రవేశించినవారిలో మేమును ఒకరము. అయినను పండితుని జీతము డిగ్రీ ఉపాధ్యాయుని జీతముకంటె తక్కువయై, ప్రధానోపాధ్యాయ పదవికి దారి మూసికొని చాలకాలముండెను. ఒకే బడి, ఒకే గంట, ఒకే పిల్లలు. విలువలు మాత్రము వేఱు. ఈ యన్యాయము తగ్గుటకు పండితులు దశాబ్దములు పోరాడవలసివచ్చెను.

ఇక నేటి సంగతి. 1993 చట్టము ననుసరించి 1995లో జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి యేర్పడి, శిక్షణసంస్థల గుర్తింపు దాని చేతికి వచ్చెను. 2010లో ఉపాధ్యాయ అర్హత పరీక్ష, అనగా టెట్, వచ్చెను. 2014 నిబంధనలవలన బి.ఎడ్. రెండేండ్ల చదువాయెను. 2025 సెప్టెంబరు 1న సర్వోన్నత న్యాయస్థానము, ఎనిమిదవ తరగతివఱకు చెప్పుచు, అయిదేండ్లకు మించి సర్వీసు మిగిలియున్న పాత ఉపాధ్యాయులును రెండేండ్లలో టెట్ ఉత్తీర్ణులు కావలెనని తీర్పు చెప్పెను. నలువదియేండ్లు దాటినవారు మరల పుస్తకము పట్టవలసివచ్చినది. పరీక్షను మేము నిందింపము. పరీక్షయే మనకు తలుపు తెఱచినది. కాని రుసుములును, దూరమును, కోచింగు వ్యయమును ఆ తలుపునకు గొళ్లెములు కారాదు.

కాన యువకులకు రెండు మాటలు. ఇంటరు చదువు ఆగినదని నిరాశపడవలదు. 1982లో హైదరాబాదున స్థాపితమై, పిమ్మట అంబేద్కరుగారి పేరు దాల్చిన సార్వత్రిక విశ్వవిద్యాలయము, అర్హతాపరీక్ష వ్రాసినవారికి ఇంటరు లేకున్నను డిగ్రీలో ప్రవేశమిచ్చి యెందఱికో దారి చూపినది. రెండవది: ఏ శిక్షణసంస్థలో చేరినను, దానికి జాతీయ మండలి గుర్తింపు కలదో లేదో విచారించిన పిమ్మటనే రుసుము చెల్లింపుడు. గుర్తింపులేని పత్రము కాగితమేగాని పట్టము కాదు.

పోషకమహాశయులకు ఒక మనవి. కల్యాణమంటపములకు మనము ఉదారముగా ద్రవ్యమిచ్చుచున్నాము, సంతోషమే. అందొక భాగము వెచ్చించి, జిల్లాకొక పఠనమందిరమును, పరీక్షకు కూర్చుండు పేద అభ్యర్థులకు రుసుమును, వారిలో స్త్రీలకు వసతియు నేర్పఱచిన, ఒక్కొక్క ఉపాధ్యాయుని వెనుక వేలకొలది శిష్యులు మనకు ఋణపడుదురు. మగ్గముమీద పడుగు సరిగా పరచినగాని పేక నిలువదని మన పెద్దలకు చెప్పనక్కఱలేదు. విద్యయే ఆ పడుగు. మహాసభ దిగ్విజయముగా జరుగుగాక!

శుభం భూయాత్.