నాలుగు మడతల పాత చీర

నేను కాపురానికి వచ్చిన కొత్తలో అత్తయ్యగారి వంటింట్లో నాకు అస్సలు నచ్చనిది ఒకటుండేది. మంచినీళ్ళ బిందె మూతి మీద పరిచే పాత చీర ముక్క. గుడివాడ దగ్గర పల్లెటూరు వాళ్ళది. కాలవ వదిలినప్పుడు నింపుకున్న చెరువు నీళ్ళే తాగడానికి. ఆవిడ వెలిసిపోయిన నేతచీర ముక్కని నాలుగు మడతలు వేసి, బిందె మీద పరిచి, చెంబుతో నింపాదిగా పోసేవారు. ఆ నీళ్ళు దిగేసరికి నా ఓపిక అయిపోయేది. "ఒక మడత చాలదా అత్తయ్యగారూ?" అంటే, "ఉండనీలేమ్మా" అనేవారు. బి.ఏ. చదివిన కోడల్ని కదా, చాదస్తం అనుకున్నాను.

మావారికంటే ముందు ఆవిడకి ఒక ఆడపిల్ల పుట్టిందని చాలా ఏళ్ళకి గానీ నాకు తెలియలేదు. 1970 వానాకాలం. పదకొండు నెలల పిల్లకి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. నీళ్ళు పడితే ఇంకా ఎక్కువవుతాయని పెద్దవాళ్ళు చుక్క నీరు పట్టనివ్వలేదట. రెండో రోజు తెల్లారేసరికి పిల్ల లేదు. అది కలరానో, మరొకటో ఎవరూ చూసి చెప్పలేదు. అప్పటిదాకా ఒంటి పొరతో వడకట్టిన ఆవిడ ఆ తర్వాత నాలుగు మడతలు మొదలుపెట్టారు. ఎవరూ చెప్పలేదు, తనకి తోచింది.

ఈమధ్య బంగ్లాదేశ్‌లో కలరా చరిత్ర చదువుతుంటే ఆ నాలుగు మడతలు మళ్ళీ ఎదురయ్యాయి. అప్పటినుంచీ మనసు నిలవడం లేదు.

కలరా సూక్ష్మజీవిని రాబర్ట్ కోచ్ 1884లో కలకత్తాలో, అక్కడి జనం వాడుకునే చెరువు నీళ్ళలోనే చూశాడు. అది మనిషి ఒంట్లో వదిలే విషం సంగతి 1959లో ఆ కలకత్తాలోనే శంభునాథ్ దే అనే మన డాక్టరు తేల్చారు. 1960లో ఢాకాలో కలరా పరిశోధనశాల పెట్టారు. మూడేళ్ళకి మత్లబ్ అనే పల్లెల ప్రాంతంలో దానికో కేంద్రం వచ్చింది. ఇంత జరిగినా ఒక ప్రశ్న మిగిలిపోయింది. బెంగాల్లో కలరా ఏటా రెండు సార్లు విజృంభిస్తుంది. మధ్య నెలల్లో ఆ క్రిమి ఎక్కడికి పోతున్నట్టు?

ఎక్కడికీ పోదు, నీళ్ళలోనే ఉంటుంది అన్నారు రీటా కోల్వెల్ అనే అమెరికన్ శాస్త్రవేత్త. చెరువు నీళ్ళలో కోపిపాడ్లనే చిన్న నీటిపురుగులుంటాయి. కంటికి నలక మాదిరి కనిపించీ కనిపించనంత. కలరా క్రిమి వాటిని అంటిపెట్టుకుని బతుకుతుంది. ఒక్కో పురుగు మీద వేలల్లో ఉండొచ్చు. క్రిమిని విడిగా ఏ బట్టా ఆపలేదు, అంత చిన్నది. కానీ అది ఎక్కి కూర్చున్న పురుగుని ఆపొచ్చు కదా!

బంగ్లా పల్లెల్లో కట్టెలకి కరువు. అన్నం వండుకోవడానికే చాలని చోట నీళ్ళు కాచుకోమని చెప్పడం తేలికే, చెయ్యడం కష్టం. అక్కడి ఆడవాళ్ళు ఇంట్లో చేసుకునే పానీయాలని ఒంటి పొర చీరతో వడకట్టుకునే అలవాటు అప్పటికే ఉంది. కోల్వెల్, అన్వరుల్ హక్, వాళ్ళతో పనిచేసేవాళ్ళు ఆ చీరనే పట్టుకున్నారు. కనీసం నాలుగు మడతలు వేస్తే పురుగులతోపాటు వాటిని అంటుకున్న క్రిములు నూటికి 99కి పైగా బట్ట మీదే ఆగిపోయాయి. అదీ పాత నూలు చీరే కావాలి. ఉతగ్గా ఉతగ్గా నూలు మెత్తబడి, దారాల మధ్య సందులు మూసుకుపోతాయట. మనం గిన్నెల వాడికి వేసేసే చీరలన్నమాట!

1999 నుంచి మూడేళ్ళపాటు మత్లబ్‌లో 65 ఊళ్ళలో, దాదాపు 1,33,000 మంది మధ్య దీన్ని పరీక్షించారు. చీర మడతలతో వడకట్టిన ఊళ్ళలో కలరా 48 శాతం తగ్గింది. సగమే కదా అనిపించొచ్చు. ఆ సగంలో ఎంతమంది పిల్లలుంటారో లెక్కేసుకోండి. ఐదేళ్ళ తర్వాత మళ్ళీ వెళ్ళి చూస్తే, వెనకాల ఎవరూ పడకపోయినా 31 శాతం ఆడవాళ్ళు ఇంకా వడకడుతూనే ఉన్నారు.

గొట్టపు బావులు లేవా అంటారేమో. ఉన్నాయి. చెరువు నీళ్ళు మాన్పించాలని 1970ల నుంచి యూనిసెఫ్, అక్కడి ప్రభుత్వం ఊరూరా చేతిపంపులు వేయించాయి. తర్వాత జనం సొంతంగానూ లక్షల్లో వేసుకున్నారు. తళతళలాడే నీళ్ళు. 1993లో తేలింది, వాటిలో చాలావాటిలో భూమి పొరల్లోంచి ఆర్సెనిక్ దిగుతోందని. రంగు లేదు, వాసన లేదు, బట్టకి ఆగదు. అరిచేతులు గట్టిపడి, ఒంటిమీద మచ్చలొచ్చి, ఆడపిల్లలకి పెళ్ళిళ్ళు కావడమే కష్టమైంది. పరీక్షించి, విషమున్న పంపులకి ఎర్ర రంగు, మంచివాటికి ఆకుపచ్చ రంగు వేశారు. ఫ్లోరైడ్ నీళ్ళు తాగిన మన నల్లగొండ వాళ్ళకి ఈ కథ కొత్తగా చెప్పక్కర్లేదు. గుమ్మం ముందరి పంపుకి ఎర్ర రంగు పడిన ఇల్లాలు బిందె పట్టుకుని ఎటు వెళ్ళాలి? చాలామందికి మిగిలింది చెరువే. పాత చీర అందుకే అంత అవసరమైంది.

ఇవన్నీ మొన్న మధ్యాహ్నం అత్తయ్యగారికి చదివి వినిపించాను. ఇప్పుడు మా దగ్గరే ఉంటున్నారు, డెబ్బై అయిదేళ్ళు. నాలుగు మడతల దగ్గర సంబరపడతారనుకున్నాను. "వడకట్టాక ఆ గుడ్డనేం చేసేవాళ్ళట?" అని మాత్రం అడిగారు. జాడించి ఎండలో ఆరేసేవాళ్ళన్నాను. తలూపారు.

అక్కడితో ఆపాల్సింది. ఆ ఢాకా పరిశోధనశాలలోనే 1968లో, ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళు తాగిస్తే కలరా రోగులు నిలబడతారని చూపించారని కూడా చెప్పాను. బంగ్లా యుద్ధమప్పుడు సరిహద్దులో బన్‌గావ్ శరణార్థుల దగ్గర సెలైన్ సీసాలు చాలకపోతే, దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు ఆ పొడి పొట్లాలు కట్టించి, డ్రమ్ముల్లో కలిపించి, తల్లుల చేతనే గ్లాసులతో పట్టించారు. నూటికి ముప్ఫై మంది పోతున్న చోట నలుగురిలోపుకి దిగింది. నీళ్ళు ఆపడం కాదు, పట్టడమే మందు అని లోకానికి గట్టిగా తెలిసింది అక్కడే.

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. "అది ఏ సంవత్సరం అన్నావు?" అన్నారు.

"1971 అత్తయ్యగారూ."

"మరుసటేడే" అన్నారు. లేచి వంటింట్లోకి వెళ్ళి, ప్యూరిఫయరు నీళ్ళు పట్టిన బిందె మీద గుడ్డ సరిచేశారు.