కొండ కడుపులోని రాయి

1960ల్లో కొత్తవలస నుంచి కిరండూల్‌కి రైలుమార్గం వేస్తున్నప్పుడు మా నాన్న సొరంగాల పనిలో ఉండేవారు. వారానికోసారి శృంగవరపుకోటలో మా ఇంటికి వచ్చేవారు. ఒకసారి చొక్కా జేబులోంచి ఒక రాయి తీసి నా చేతిలో పెట్టారు. తుప్పు రంగు రాతిలో ఎర్రటి గింజలు పొదిగినట్టున్నాయి. "దానిమ్మ గింజలు నాన్నా!" అన్నాను. "కొండ కడుపులోదమ్మా ఇది. మందు పెట్టి పేలిస్తే గానీ బయటపడలేదు" అన్నారాయన. ఆ రాయి ఇప్పటికీ నా బల్ల మీద ఉంది. ఏళ్ల తరబడి భూగర్భశాస్త్రం పాఠాలు చెప్పాను. ఆ రాయి గురించి నాన్న అన్నదానికంటే సరైన మాట నాకు దొరకలేదు.

దాని పేరు ఖోండలైట్. 1902లో టి.ఎల్. వాకర్ అనే శాస్త్రవేత్త కలహండి కొండల్లో ఈ రాతిని పరిశీలించి, అక్కడి ఖోండుల పేరు పెట్టాడు. మన మన్యంలో కోదులంటామే, వాళ్లే. సింహాచలం కొండ, కైలాసగిరి, విశాఖ రేవు పక్కనున్న డాల్ఫిన్స్ నోస్ అన్నీ ఈ రాయే. 13వ శతాబ్దంలో కోణార్క్ గుడి కట్టిందీ దీంతోనే. నేను చూసిన ఎర్ర గింజలు గార్నెట్. ఆ పేరు లాటిన్‌లో దానిమ్మకున్న పేరు నుంచే పుట్టిందని ఎమ్మెస్సీలో తెలిసిన రోజు, పుస్తకం మూసి నాన్నకు ఉత్తరం రాశాను.

భూతద్దం పెట్టి చూస్తే ఆ రాయి ఇంకా చెబుతుంది. గింజల చుట్టూ సన్నటి తెల్లని సూదులు ఒకే వాలులో పడుకుని ఉంటాయి. అది సిల్లిమనైట్. అక్కడక్కడ పెన్సిల్ ములుకులా మెరిసేది గ్రాఫైట్. ఇంత సిల్లిమనైట్, ఇంత గార్నెట్ ఒకచోట పుట్టాలంటే ముడిసరుకు బంకమట్టి అయి ఉండాలి. అంటే ఈ కొండ ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న బురద. బొర్రా గుహలున్న సున్నపు రాయి కూడా అలా నీటి అడుగున పేరుకున్నదే. నాన్న వాళ్లు తొలిచిన కొండల చోట ఒకనాడు సముద్రం ఉండేది.

ఆ సముద్రం ఏమైందో మా విద్యార్థి దశలో ఎవరూ సరిగ్గా చెప్పలేదు. 1970ల్లో మా పాఠాల్లో ఇంకా జియోసింక్లైనే నడిచేది. నేల కుంగి, మట్టి నిండి, మళ్లీ పొంగి కొండైందనేవారు. ఖండాలు కదులుతాయని వెజెనర్ 1912లోనే అన్నాడు గానీ, కదలిక ఎలా సాగుతుందో 1960ల్లో సముద్రగర్భాన్ని పరిశీలించాకే తేలింది. ఆ లెక్కన మన కథ ఇది. మన దక్కను పీఠభూమి పాత గట్టి శిలాఖండం. దాని తూర్పున సముద్రం, అవతల మరో భూఖండం. సముద్రపు అడుగు కొద్దికొద్దిగా భూమి లోపలికి దిగిపోయింది. చివరికి సముద్రం మూసుకుపోయి, సుమారు 100 కోట్ల ఏళ్ల కిందట రెండు ఖండాలూ ఢీకొన్నాయి. ఢీకొనడం అంటే ఒక్క దెబ్బ కాదు, కోట్ల ఏళ్లు సాగిన తోపులాట. మధ్యలో చిక్కిన బురద నలిగి, మడతలుపడి, పాతిక కిలోమీటర్లకు పైగా లోతుకు దిగింది. అక్కడ ఉడికి ఖోండలైట్ అయింది. ఎంత వేడికో పాడేరు దగ్గరి రాళ్లు చెబుతాయి. వాటిలో సాఫిరిన్ అనే నీలపు ఖనిజం క్వార్ట్జ్‌ను ఆనుకుని కనిపిస్తుంది. ఆ రెండూ అలా పక్కపక్కన కుదురుకోవాలంటే 900 డిగ్రీలు దాటిన వేడి కావాలి.

పైన అప్పుడు మహా పర్వతశ్రేణి ఉండేది. ఇప్పుడు మన తూర్పు కనుమల్లో అతి ఎత్తైన కొండల్లో ఒకటైన అర్మ కొండ 1,680 మీటర్లే. మిగతాదంతా వానా గాలీ కోసేశాయి. సరుకు దించుతుంటే పడవ నీటిలోంచి పైకి తేలినట్టు, పైబరువు తగ్గేకొద్దీ కొండ వేరు పైకి లేచింది. అరకు దారిలో మనం చూసేది కొండ శిఖరం కాదు, అరిగిపోయిన మహా పర్వతం అడుగు భాగం. కొండ కడుపని నాన్న అన్నది అక్షరాలా నిజం.

మరి అవతలి ఖండమో? అది అంటార్కిటికా. 13 కోట్ల ఏళ్ల కిందట రెండూ విడిపోయి, మధ్యలో బంగాళాఖాతం తెరుచుకుంది. అతుకు పడిన కొండల్లో సగం మనకు, సగం వాళ్లకు దక్కాయి. 1954లో ఆస్ట్రేలియా వాళ్లు అంటార్కిటికా తీరాన మాసన్ కేంద్రం కట్టారు. అది నిలబడ్డది చార్నోకైట్ మీద. మన క్వారీల్లో నల్లరాయిగా కొట్టి రోడ్లకు వేసే రాయి కూడా ఆ జాతిదే. మాసన్ రాతి వయసూ 100 కోట్ల ఏళ్ల దగ్గరే. జిర్కాన్ రేణువుల్లో యురేనియం ఎంత సీసంగా మారిందో కొలిచి ఈ లెక్క తేల్చారు. భీమిలిలో పుట్టిన రాతికి తోబుట్టువు మంచు కింద పడుకుని ఉందన్న సంగతి తరగతిలో చెప్పినప్పుడల్లా నా గొంతు కాస్త వణికేది.

మొన్న ఒక కొండను సగానికి తవ్వి గ్రావెల్ లారీలకెత్తుతుంటే చూశాను. ఇళ్ల పునాదుల్లో పోయడానికట. ఆ రాయి మెత్తబడినదే, పలుగుకు తేలిగ్గా లొంగుతుంది. ఇల్లు కట్టుకోవద్దని నేననను. కానీ రెండు ఖండాలు ఢీకొంటే పుట్టిన దాన్ని ఖాళీ స్థలంలో నింపే మట్టిగా చూడటం నాకు కష్టంగా ఉంటుంది. ఏ కొండను తవ్వచ్చో, ఏది ముట్టకూడదో ముందే తేల్చుకోవాలి. కొండ మళ్లీ మొలవదు.

భీమిలి ఒడ్డున అల వెనక్కి వెళ్లాక ఇసుక మీద ఎర్రటి చార మిగులుతుంది. ఒక పిడికెడు తీసుకుని చూడండి. నలిగి చిన్నబడిన ఆ దానిమ్మ గింజలే అవి. కొండ నుంచి వాగులు తెచ్చి పోసినవి. సముద్రం అడుగున బురదగా మొదలైన రాయి, కొండై, మళ్లీ సముద్రంలోకే దిగుతోంది. నా మనవరాలు వాటిని ఒక సీసాలో పోసుకుని తెచ్చుకుంది. నాన్న ఇచ్చిన రాయి పక్కనే పెట్టాను.