ఎనామిల్ అరిగాక: గల్ఫ్ నేలలో పళ్ల చరిత్ర

దుబాయిలోనైనా, మన ఊళ్లలోనైనా ఒకటే మాట. వెనకటివాళ్లకు పంటిజబ్బులు లేవు, వాళ్లు మిస్వాక్‌తోనో వేపపుల్లతోనో తోముకున్నారు, పంచదార వచ్చాకే పళ్లు పుచ్చిపోయాయి అంటారు. పంచదార చేసిన చెరుపు కాదనలేనిదే. అయితే యూఏఈ నేలలో తవ్వితే బయటపడ్డ పళ్లు ఈ కథను ఒప్పుకోవు. వాటి సాక్ష్యం ఎక్కువగా ఉన్నది పైన మెరిసే ఎనామిల్‌లో కాదు, దాని కిందున్న డెంటిన్‌లో.

డెంటిన్ బరువులో సుమారు 70 శాతం ఖనిజం, 20 శాతం సేంద్రియ పదార్థం, అందులో అధికభాగం కొల్లాజెన్, మిగతాది నీరు. లోపలి గుజ్జు నుంచి పైదాకా సన్నని నాళికలు ఉంటాయి. వీటిని డచ్ శాస్త్రవేత్త లీవెన్‌హుక్ 1670ల్లోనే తన సూక్ష్మదర్శినిలో చూశాడు. చల్లనీళ్లు తగిలితే పన్ను జివ్వుమనేది ఈ నాళికల్లోని ద్రవం కదలడం వల్లనేనన్న వాదానికి 1960ల్లో స్వీడన్‌లో బ్రన్‌స్ట్రామ్ ప్రయోగాలు బలమిచ్చాయి. మన విషయానికి ముఖ్యమైనవి రెండు. నోట్లో పీహెచ్ 5.5కు దిగితే గానీ ఎనామిల్ కరగదు, డెంటిన్‌కు 6.2 నుంచి 6.7 మధ్య ఉండే స్వల్ప ఆమ్లమే చాలు. పోయిన ఎనామిల్ తిరిగి రాదు. డెంటిన్‌ను తయారుచేసే కణాలు మాత్రం గుజ్జు అంచున బతికే ఉండి, పైన అరిగేకొద్దీ లోపల కొత్త పొర వేస్తాయి.

షార్జాలోని జెబెల్ బుహైస్ శ్మశానంలో క్రీ.పూ. 5వ సహస్రాబ్ది నాటి పశుపాలకులున్నారు. తీరం వెంట చేపల మీద బతికినవాళ్లున్నారు. పరిశోధకులు జుడిత్ లిటిల్‌టన్, బ్రూనో ఫ్రోలిక్ 1993లో గల్ఫ్ ప్రాంతపు పళ్లను పోల్చి చూస్తే, చేపలు తిన్నవాళ్ల పళ్లు బాగా అరిగాయి, పుచ్చినవి తక్కువ. తోటల సాగు పెరిగిన చోట పుచ్చుపళ్లు, బతికుండగానే ఊడిపోయిన పళ్లు పెరిగాయి. 1999లో ఒమన్‌లోని ఇనుప యుగపు సమాధుల మీద వచ్చిన అధ్యయనం కూడా చిన్న వయసులోనే దవడపళ్లు పోవడానికి ఖర్జూరాన్నే కారణంగా చూపింది. అప్పటి నుంచి ఖర్జూరమే దోషి అన్న మాట స్థిరపడింది.

ఈ తీర్పు నాకు సగమే సరిగా కనిపిస్తుంది. అబూధాబీకి చెందిన దల్మా దీవిలో సుమారు 7000 ఏళ్ల నాటి ఖర్జూరపు గింజలు దొరికాయి. అంటే పళ్లు విరివిగా పుచ్చడానికి ఎంతో ముందే ఇక్కడివాళ్లు ఖర్జూరం తిన్నారు. పోనీ అరుగుదలే కారణమందామా? చేపలు తిన్నవాళ్ల పళ్లు దారుణంగా అరిగినా పుచ్చలేదే! ఖర్జూరం, అరుగుదల రెండూ ఒక్క నోట్లో కలిసినప్పుడే చేటు వచ్చిందని నా వాదన.

తోటల సాగు పెరిగిన కాలపు అరిగిన దవడపన్ను ఒకటి తీసుకుని చూడండి. చుట్టూ ఎనామిల్ సన్నని గట్టులా నిలిచి ఉంటుంది. మధ్యలో మెత్తని డెంటిన్ ముందే అరిగి, గిన్నెలా గుంటపడి, పసుపు గోధుమ రంగులో కనిపిస్తుంది. ఆ గుంట నడిమధ్య ముదురు మచ్చ ఒకప్పటి గుజ్జు గది. పన్ను తనను కాపాడుకోవడానికి లోపల కొత్త డెంటిన్‌తో పూడ్చుకున్న చోటు అది. తిరగలి రాతిపొడి, ఇసుక కలిసిన రొట్టె ఏళ్ల తరబడి చేసిన పని ఇది. మెల్లగా అరిగితే పన్ను తట్టుకుంటుంది. ఆ గుంటలో జిగురు తీపి నిలిచిపోతే మాత్రం ఎనామిల్ అడ్డులేని డెంటిన్ త్వరగా లొంగిపోతుంది. క్రీ.పూ. 1000 ప్రాంతంలో అల్ ఐన్‌లో ఫలజ్ అనే భూగర్భ కాలువలు వచ్చి తోటలు విస్తరించాక, ఖర్జూరం అప్పుడప్పుడు తినే పండుగా కాక రోజూ కడుపు నింపే తిండిగా మారిందనుకోవడం సబబు.

ఈ వాదానికీ హద్దులున్నాయి. ఊడిపోయిన పన్ను పుచ్చు వల్ల పోయిందో, చిగుళ్ల వల్ల పోయిందో దవడ ఎముక చెప్పదు. బాగా అరిగితే పుచ్చు మొదలయ్యే గాడులే చెరిగిపోతాయి కనుక లెక్క తక్కువగా తేలుతుంది. డెంటిన్‌లోని కొల్లాజెన్ దొరికితే ఏం తిన్నారో ఐసోటోపులతో తేల్చవచ్చు. కానీ ఈ వేడి నేలలో కొల్లాజెన్ నిలవడం అరుదు, అందుకే ఆ పరీక్షలకు పరిశోధకులు ఎక్కువగా ఎనామిల్ మీదే ఆధారపడ్డారు. తిండి కథ చాలావరకు పరోక్ష సాక్ష్యమే.

ఇక ఇప్పటి సంగతి. 2010లో వెలువడిన జాతీయ సర్వేలో యూఏఈలోని 5 ఏళ్ల పిల్లల్లో సగటున ఐదు పాలపళ్లు పుచ్చో, ఊడో, నింపించుకునో ఉన్నాయి. 2017లో కూల్‌డ్రింకుల మీద 50 శాతం సుంకం వేశారు, 2019లో తీపి కలిపిన ఇతర పానీయాలకూ దాన్ని విస్తరించారు. మంచి అడుగే, నాకు సంతోషమే. దీనికి పక్కనే మరో ధోరణి నన్ను కలవరపెడుతోంది. హాలీవుడ్ స్మైల్ పేరిట ఆరోగ్యంగా ఉన్న పళ్లను చెక్కి పొరలు అతికిస్తున్నారు. కోత డెంటిన్ దాకా దిగితే వేల నాళికలు తెరుచుకుంటాయి, అతుకు పట్టు కూడా ఎనామిల్ మీద ఉన్నంత నమ్మకంగా ఉండదు. తిరగలి రాయి ఏళ్లకేళ్లు తీసుకుని చేసినదాన్ని ఒక్క పూటలో, పన్నుకు లోపల పొర వేసుకునే వ్యవధి ఇవ్వకుండా చేస్తున్నారు.

మరోవైపు జగిత్యాల, నిజామాబాద్ నుంచి వెళ్లిన కూలీ పరిస్థితి చూడండి. తక్కువ జీతగాళ్ల బీమాలో పంటి వైద్యం చాలాసార్లు అత్యవసరానికే పరిమితం. పుచ్చు డెంటిన్ పైపొరలో ఉండగా పూడిస్తే తేలికగా పోయేది. మాత్రలు మింగుతూ సెలవుల దాకా లాగితే గుజ్జుకు చేరుతుంది, ఊరికొచ్చాక పన్ను పీకించుకోవడమే మిగులుతుంది. సుంకం విధించిన ప్రభుత్వమే ఈ తొలి పూడికను కూడా కనీస బీమాలో తప్పనిసరి చేయాలి.