బర్మారు ముందు పిల్లలు

హైదరాబాద్ శివారు పెద్ద అంబర్‌పేట్ దాటి విజయవాడ రోడ్డు చేరే నల్లగొండ పల్లెల్లో 1946–51 తెలంగాణ సాయుధ పోరాటానికి బర్మారు తుపాకీ కూడా అక్కరకొచ్చింది. గొట్టం మూతి నుంచి మందు పోసి, గుడ్డ కూరి, సీసపు గుళ్లు వేసి, కడ్డీతో దట్టించాలి. ఒక్క పేలుడుకే ఇంత తతంగం. కాబట్టి పిల్లలకు ఈ విద్య నేర్పాలంటే గురికన్నా ముందు వాళ్లకు అబ్బాల్సింది ఓపిక. పిల్లల చేతికి మందుగుండా అన్న అభ్యంతరం సబబే: మందు మోతాదు మించితే గొట్టమే పగలొచ్చు. అయితే చట్టమూ తలుపు పూర్తిగా మూయలేదు. తుపాకీ ఉంచుకోవడానికి 1959 ఆయుధ చట్టం పెట్టిన 16 ఏళ్ల హద్దును 1983లో 21కి పెంచినా, శిక్షకుడి కళ్లెదుట సాధనకు చిన్నవాళ్లకూ వీలుంచారు. 1972 వన్యప్రాణి చట్టాన్ని 1991లో సవరించిన తర్వాత వేట సాకూ చెల్లదు. మిగిలింది కాగితపు గురి. దానికైతే బర్మారు నేర్పొచ్చు. అటక మీద దాచిన లైసెన్సులేని తుపాకీతో మాత్రం కాదు.