బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్: వాద్యకారులదే పెత్తనం

1882లో బెంజమిన్ బిల్జె అనే బ్యాండు యజమాని తన బృందాన్ని కచేరీలకు వార్సా పంపడానికి నాలుగో తరగతి రైలుపెట్టె చాలన్నాడు. జీతాలు అసలే అంతంతమాత్రం, ఆపైన ఈ అవమానం. 54 మంది వాద్యకారులు బయటికొచ్చి సొంత కుంపటి పెట్టుకున్నారు. ఒకప్పుడు రోలర్ స్కేటింగ్ చేసిన హాలే వాళ్ల కచేరీశాల అయింది. బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్ పుట్టింది అలాగే.

1887లో హెర్మన్ వోల్ఫ్ నిర్వహణ తలకెత్తుకుని హాన్స్ ఫోన్ బ్యూలోను కండక్టరుగా తెచ్చాడు. తర్వాత నికిష్, 1922 నుంచి ఫుర్ట్‌వెంగ్లర్. పేరు దేశాలు దాటింది గానీ డబ్బు చాలలేదు. అప్పులు మెడకు చుట్టుకున్నప్పుడు ఆదుకున్నది నాజీ ప్రభుత్వం. 1934లో ఆర్కెస్ట్రా సంస్థలో వాద్యకారులకున్న వాటాలు దాని చేతికి పోయాయి, ఆర్కెస్ట్రా గోబెల్స్ ప్రచారశాఖ కిందికి చేరింది. ప్రతిఫలంగా యుద్ధకాలంలో వాళ్లకు సైన్యంలో చేరే బాధ తప్పింది. యూదులకు మాత్రం చోటు లేకపోయింది. వయొలిన్ల వరసకు పెద్ద షిమోన్ గోల్డ్‌బర్గ్ 1934లోనే వెళ్లిపోవాల్సి వచ్చింది. కళాకారులకు రాజకీయంతో పనేమిటనే వాదన నాకు మింగుడుపడదు: 1942లో హిట్లర్ పుట్టినరోజు వేడుకలో బీథోవెన్ తొమ్మిదో సింఫనీ వాయించింది వీళ్లే.

1944 జనవరిలో బాంబులకు వాళ్ల పాత కచేరీశాల నేలమట్టమైంది. యుద్ధం ముగిసి మూడు వారాలైనా కాకముందే, 1945 మే 26న, టిటానియా పలాస్ట్ సినిమాహాల్లో కండక్టరు లియో బోర్చార్డ్ మళ్లీ కచేరీ నడిపాడు. మొదటగా వాయించింది మెండెల్సన్ రచన, యూదుడని నాజీలు వినిపించనివ్వని సంగీతం. ఆగస్టులో తనిఖీ దగ్గర కారు ఆగలేదని ఒక అమెరికన్ సైనికుడు కాల్చాడు, బోర్చార్డ్ అక్కడికక్కడే పోయాడు.

1955లో కండక్టరుగా వచ్చిన కరాయన్ మూడు దశాబ్దాలకు పైగా ఏలాడు. రికార్డులు లోకమంతా అమ్ముడుపోయాయి. 1963లో హాన్స్ షరూన్ గీసిన కొత్త హాలు తెరిచారు. అక్కడ శ్రోతలు వేదిక చుట్టూ కూర్చుంటారు, వెనకవైపు టికెట్టు దొరికినవాళ్లకు కండక్టరు ముఖం ఎదురుగా కనిపిస్తుంది. అంత ఆధునికమైన హాల్లోనూ తొలి మహిళా సభ్యురాలికి చోటు దొరికింది 1982లో, అంటే నూరేళ్లకు! మరో మహిళ, క్లారినెట్ వాద్యకారిణి సబీనె మేయర్‌ను తీసుకుంటానని కరాయన్ పట్టుబడితే, సభ్యులు ఓటేసి కాదన్నారు. కొత్తవాళ్లను ఎంచుకునే ఓటు హక్కు ఎంత గొప్పదైనా, దాన్ని వాడిన తీరు ఆ రోజున గొప్పగా లేదు.

కరాయన్ తర్వాత అబ్బాడో, 2002లో రాటిల్. 2015 మేలో కొత్త కండక్టరు కోసం సభ్యులు 11 గంటలు తలుపులు మూసుకుని చర్చించినా తేలలేదు. జూన్‌లో మళ్లీ కూర్చుని కిరిల్ పెట్రెంకోను ఎన్నుకున్నారు. ఆయన 2019లో బాధ్యతలు చేపట్టాడు.