దిగుడు దారిలో ఇంజను

తిరుమల కొండకు 1944లో ఘాటురోడ్డు ఏర్పడినది. రెండవ రోడ్డు వచ్చిన పిమ్మట ఆ మొదటి రోడ్డు దిగుటకే ఉపయోగపడుచున్నది. దిగు బండిలో కూర్చున్నవారికి ఇంజను బిగ్గరగా మ్రోగుట వినబడును. పల్లమునకు తనంత తానే జారెడి బండికి ఇంజను శ్రమ యేల యని కొందరికి సందేహము. బండిని పట్టి యుంచుచున్నది ఆ ఇంజనే.

బ్రేకు బండి వేగమును ఒరపిడిచే వేడిగా మార్చును. దిగుడు దీర్ఘమైనచో ఆ వేడి పోవుటకు వ్యవధి లేక బ్రేకు పట్టు సడలును. క్రింది గేరులో నుంచినచో చక్రములే ఇంజనును వడిగా త్రిప్పవలసివచ్చి, ఆ ప్రయాసచే బండి వేగము తగ్గును.

ఈ కిటుకు మోటార్లకంటె పాతది. 1871లో స్విట్జర్లాండునందలి రీగీ కొండమీదికి రైలు నడపిన రిగ్గెన్‌బాఖ్, దిగునపుడు ఆవిరిని కట్టివేసి, పిస్టనులచే బయటిగాలిని పీల్పించి, అణచి, కొలదికొలదిగా విడిపించెను. సిలిండర్లు కాగిపోకుండ లోనికి నీరు చిమ్మించెను.

మోటారు నిర్మాతలు ఈ పాఠమును కొంతకాలము మరచిరనియే తోచును. 1930లో అమెరికాయందు స్టూడిబేకరువారు ‘ఫ్రీ వీలు’ను ప్రవేశపెట్టిరి. తొక్కుట మానినను సైకిలు సాగునట్లు, కాలు తీయగనే చక్రములకు ఇంజనుతో సంబంధము తెగును. పెట్రోలు కలిసివచ్చెను, కొండదారిలో ఇంజను సాయము మాత్రము పోయెను. మీటతో దానిని కట్టివేయు వీలున్నను, ఆ మాట తలచుకొనవలసినవాడు డ్రైవరే కదా!

మరుసటి యేడు, 1931లో, క్లెస్సీ కమిన్స్ తన డీజిలు ఇంజను పొదుపును లోకమునకు చూపుటకై న్యూయార్కునుండి లాస్ ఏంజిలిసునకు లారీలో బయలుదేరెను. కాలిఫోర్నియాలోని కహోన్ కనుమ దిగుచుండగా బ్రేకులు పట్టు తప్పెను. దిగువను రైలుదారి, దానిపై గూడ్సుబండి పోవుచుండెను. దాని కడపటి పెట్టె దాటినంతనే లారీ పట్టాలను దాటిపోయినది. వెండ్రుకవాసిలో ప్రాణములు దక్కినవి.

దోషము డీజిలు స్వభావములోనే కలదు. పెట్రోలు ఇంజనులో కాలు తీయగనే గాలిదారి మూతపడును గనుక పిస్టనులు శూన్యమునకు ఎదురు లాగవలెను. డీజిలున కా మూత లేదు. అందు అణగిన గాలి మరల పిస్టనును నెట్టి, గ్రహించిన బలమును చాలవరకు తిరిగి యిచ్చివేయును. కమిన్స్ ఈ సంగతిని మరువలేదు. ఉద్యోగము విడిచిన పిమ్మట ఉపాయము కనిపెట్టెను: గాలి పూర్తిగా అణగిన క్షణమున పొగ వెడలు కవాటమును తెరచి, ఆ బలమును బయటికి వదలివేయుట. జేకబ్స్ సంస్థవారు 1961లో ఆ సాధనమును విపణికి తెచ్చిరి. రిగ్గెన్‌బాఖ్ ఆవిరియంత్రమునకు దీనికి గల చుట్టరికము మీరు గుర్తించియే యుందురు.

ఇక గేర్లు తామే మారు కార్లు. 1939లో ఓల్డ్స్‌మొబైల్ వారు ‘హైడ్రామాటిక్’ గేరుపెట్టెను వెలువరించిరి. క్లచ్చి తొక్కు బాధ తొలగెను. కాని ముందున్నది మిట్టయో పల్లమో ఆ పెట్టె యెరుగదు. కాలు తీయగనే పై గేరునకు పోవును. అందుచే ‘లో’ అను స్థానమొకటి ఉంచిరి. మీట అచట నున్నంతవరకు మామూలు వేగములలో బండి రెండవ గేరును దాటదు. నేటి కార్లలో కొన్ని వాలును తామే కనిపెట్టి క్రింది గేరునకు వచ్చును. తక్కినవానిలో ‘ఎల్’ అనియో ‘2’ అనియో వ్రాసియున్న చోటికి మీటను త్రిప్పవలసినది దిగుడు మొదలు కాకమునుపే. కమురువాసన వచ్చిన తరువాత కాదు.