రిబ్బను ముడి వెనక

రెండేళ్ల క్రితం స్కాట్లాండ్‌లో స్నేహితురాలి కూతురి పెళ్లికి వెళ్లాను. వధూవరుల చేతులు కలిపి రంగు రిబ్బన్లతో ముడి వేశారు. ‘హ్యాండ్‌ఫాస్టింగ్’ అట. వేల ఏళ్ల నాటి కెల్టిక్ ఆచారమనీ, ఏడాదీ ఒక రోజూ కలిసుండి నచ్చకపోతే ఎవరి దారిన వాళ్లు పోవచ్చనీ, ఆడవాళ్లకి అప్పట్లో అంత స్వేచ్ఛ ఉండేదనీ పక్కనున్నావిడ గర్వంగా చెప్పింది. మన కొంగుముడి గుర్తొచ్చి నవ్వుకున్నాను గానీ, ఆ స్వేచ్ఛ మాట మనసులో ఉండిపోయింది. తిరిగొచ్చాక చదవడం మొదలుపెట్టాను.

రిబ్బను పాతది కాదని ముందే తేలిపోయింది. ఇరవయ్యో శతాబ్దంలో ప్రాచీన మతాల్ని మళ్లీ బతికించాలనుకున్నవాళ్లు దానికి ప్రాచుర్యం తెచ్చారు. హ్యాండ్‌ఫాస్టింగ్ అన్న మాట కెల్టిక్ భాషలది కూడా కాదు, ఇంగ్లీషు వైపుది. చేతిలో చెయ్యేసి మాట ఇచ్చుకోవడమని దాని అర్థం, మన నిశ్చితార్థం లాంటిది. ఇద్దరూ ఇష్టపడి ఆ క్షణాన ఒకరినొకరు ఒప్పుకుంటే చాలు, మతగురువు లేకపోయినా అది పెళ్లేనని మధ్యయుగాల చర్చి న్యాయం ఒప్పుకుంది. స్కాట్లాండ్‌లో అలాంటి పెళ్లి 1940 దాకా చెల్లింది. 1939లో చేసిన చట్టంతో అది పోయింది.

మరి ఏడాది గడువు? 1703లో మార్టిన్ మార్టిన్ అనే ఆయన స్కాట్లాండ్ పడమటి దీవుల మీద పుస్తకం రాస్తూ, పూర్వం అక్కడ ఇలా ఉండేదన్నాడు: మగవాడు ఒక పిల్లని ఏడాది పాటు తెచ్చి పెట్టుకుంటాడు, నచ్చితే పెళ్లాడతాడు, నచ్చకపోతే పుట్టింటికి పంపేస్తాడు. నచ్చడం ఎవరికి? ఆ పిల్ల ఇష్టం ప్రసక్తే లేదు! 1820లో వాల్టర్ స్కాట్ ‘ది మొనాస్టరీ’ నవలతో ఈ కథ ఇంకా పాకింది. హ్యాండ్‌ఫాస్టింగ్ అంటే ప్రయోగ వివాహమన్న నమ్మకానికి ఆధారం లేదని 1958లో ఆంటన్ అనే న్యాయపండితుడు వాదించాడు.

నిజంగా పాతది ఏదైనా ఉందంటే అది ఐర్లాండ్‌లో, చట్టం రూపంలో ఉంది. క్రీ.శ. 700 ప్రాంతంలో రాసిన ‘కాన్ లానవ్నా’, అంటే జంటల చట్టం. ఎవరి ఆస్తితో కాపురం నడుస్తోందన్న దాన్ని బట్టి అది పెళ్లిళ్లను విడదీస్తుంది. విడిపోతే భూమికింత, పశువులకింత, శ్రమకింత అని పంపకం. భార్య నేసిన బట్టలో సగం ఆమెది. ఇంకా పని పూర్తికాని ఉన్నిలో వాటా తగ్గుతుంది. అంటే ఇంటిపనికి లెక్క కట్టారన్నమాట, అదీ పదమూడు వందల ఏళ్ల క్రితం! భర్త మచ్చ పడేలా కొట్టినా, పడకింటి సంగతులు బయట చెప్పినా ఆమె వదిలేసి పోవచ్చు.

ఇంతవరకే చదివి ఆగిపోతే పక్కనున్నావిడ గర్వం నాకూ వచ్చేది. కానీ అదే న్యాయసంప్రదాయంలో, స్త్రీ మీద చిన్నప్పుడు తండ్రికి, పెళ్లయ్యాక భర్తకి, ఆయన పోయాక కొడుకులకి అధికారం. చదువుతుంటే మనువు గుర్తుకు రాకుండా ఎలా ఉంటాడు? ఈ పోలికని ఇండో-యూరోపియన్ వారసత్వంగా చూసిన పండితులున్నారు. మొదటి పెళ్లికి వరుడిచ్చే సొమ్ము తండ్రికే పోతుంది. భార్య గౌరవానికి విలువ భర్త విలువలో సగం. ఆ విలువలు కొలిచే పెద్ద కొలతల్లో ఒకదాని పేరు ‘కుమల్’. ఆ మాటకి అసలు అర్థం బానిస స్త్రీ. భర్త రెండో ఆమెని తెచ్చుకుంటే, మొదటి భార్య మూడు రోజుల పాటు ఆమెని గాయపరిచినా తప్పు లేదు. మగవాడి తప్పుకి ఇద్దరాడవాళ్లు కొట్టుకోవాలి.

విడాకులకి అన్ని కారణాలు రాసిపెట్టిన ఆ ఐర్లాండ్ 1937 రాజ్యాంగంలో విడాకుల్ని పూర్తిగా నిషేధించింది. 1986లో ప్రజల్ని అడిగితే వద్దన్నారు. 1995లో మళ్లీ అడిగితే తొమ్మిది వేల పైచిలుకు ఓట్ల తేడాతో, అంతే, సరేనన్నారు. చట్టం 1997లో అమల్లోకి వచ్చింది.

ఇదంతా ఆ పెళ్లికూతురికి ఫోనులో చెప్పాను. రిబ్బను కొత్తదని తనకీ తెలుసునంది. ఉన్ని లెక్క మాత్రం ఇంకోసారి చెప్పమంది.